గోడ మీద ఎవరి పేరు?



పోయిన భాగం చదివి ఒక డిగ్రీ తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఇంతింత పొడుగు రాస్తారు, రెండ్రోజులకి కిందకెళ్లిపోద్ది, ఏటి లాభం?" అని. న్యాయమైన ప్రశ్నే. రోజుకి రెండు మూడు గంటలు ఈ ఫోన్ మీద పెట్టేవాళ్లం మనం. చదువుకునే టైమూ, ఉద్యమం టైమూ, ఇంట్లోవాళ్లతో గడపాల్సిన టైమూ అందులోంచే పోతోంది. అందుకని ఈసారి ఫోన్ గురించే రాస్తాను. కాకపోతే మొదలుపెట్టేది పదకొండో శతాబ్దం నుంచి. ఓపిక పట్టండి.

ఫేస్‌బుక్‌లో మనం రాసుకునే చోటుని తెలుగువాళ్లు మొదటినుంచీ "గోడ" అన్నారు. "నీ గోడ మీద చూశాను" అంటాం, "నా గోడ మీదకొచ్చి తిట్టిపోయాడు" అంటాం. కంపెనీ 2011లోనే "వాల్" తీసేసి "టైమ్‌లైన్" తెచ్చింది. అయినా మన నోట్లోంచి గోడ పోలేదు. ఇంతకంటే సరిపోయే మాట నాకు దొరకలేదు. గోడకి ఒక యజమాని ఉంటాడు. ఎవరు రాయొచ్చో ఎవరు రాయకూడదో అతనే చెబుతాడు. సున్నం కొట్టించాడంటే రాసిందంతా పోతుంది. ఈ సంగతి ఫోన్ చేతికి రాకముందే నాకు శ్రీముఖలింగంలో తెలిసింది.

జలుమూరు మండలంలో వంశధార ఎడమ గట్టున ఉంది ఆ ఊరు. మా పేటనుంచి సైకిల్ మీద పోయేంత దూరం. (ఫేస్‌బుక్‌ని "ముఖపుస్తకం" అని తెలుగు చేసిన పండితులున్నారు కదా, పేరులోనే ముఖం ఉన్న ఊరు మాకు ముందే ఉంది.) మధుకేశ్వరుడి గుడి, భీమేశ్వరుడి గుడి, సోమేశ్వరుడి గుడి. మూడూ ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అంతకుముందు కొందరు పండితులు సముద్రం ఒడ్డునున్న కళింగపట్నమే కళింగనగరం అనుకునేవారు. కాదు, ముఖలింగమే అని గట్టిగా వాదించినవాడు గిడుగు రామమూర్తి. 1863లో ఈ ఊరికి దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ, పాత లిపి తనంతట తానే నేర్చుకుని, గుళ్ల చుట్టూ తిరిగి శాసనాలు చదివాడు.

ఆ శాసనాల్లో ఏముంది? వందకు పైగా ఉన్నాయి. 1925లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో దొరుకుతాయి, కాలేజీ లైబ్రరీలో అడగండి. కొన్ని సంస్కృతంలో, కొన్ని తెలుగులో. చాలావాటిలో కనిపించే రాజు పేరు అనంతవర్మ చోడగంగదేవుడిది. 1078లో పట్టం కట్టుకున్నవాడు, పూరీలో జగన్నాథుడి పెద్దగుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. శాసనాల్లో విషయం మాత్రం ఎక్కువగా ఒక్కటే. ఫలానా శక సంవత్సరంలో, ఫలానా తిథిన, ఫలానా అధికారి దేవుడికి అఖండ దీపం పెట్టించి, దాని ఖర్చుకి ఇంత సొమ్ము ఇచ్చాడు. సూర్యచంద్రులున్నంత కాలం ఇది సాగాలి. దీన్ని చెడగొట్టినవాడు పాపాన పోతాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే తేదీ, ప్రొఫైల్ పేరు, చేసిన ఘనకార్యం, అడ్డొచ్చినవాడికి శాపనార్థం. తొమ్మిది వందల ఏళ్లలో మనిషి పెద్దగా మారలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి దీపం లెక్క చూడండి. తెలుగు దేశమంతటా ఉన్న దీపదాన శాసనాల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. దాత గొర్రెల్నో ఆవుల్నో గుడికి ఇస్తాడు. గుడివాళ్లు వాటిని ఒక కాపరికి అప్పగిస్తారు. కాపరి వాటిని మేపి, రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి పొయ్యాలి. అతని తర్వాత అతని కొడుకు, ఆ తర్వాత మనవడు. సూర్యచంద్రులున్నంత కాలం అంటే అర్థం అది. దీపానికి పేరు మాత్రం దాతది. ఎండలో జీవాల వెనక తిరిగినవాడి పేరు, పాలు చిలికిన ఆడమనిషి పేరు దీపం కింద చీకట్లోనే ఉంటాయి.

ముఖలింగం స్థలపురాణం వింటే ఈ సంగతి ఇంకా తెలుస్తుంది. మధూకం అంటే ఇప్పచెట్టు. సవర దొర ఒకడుండేవాడు, అతనికి ఇద్దరు భార్యలు, వాకిట్లో ఇప్పచెట్టు ఉంది, చిన్నావిడ కొమ్మకి రాలిన పువ్వులు బంగారమయ్యేవి, ఇద్దరికీ తగవు పడితే దొర విసుగొచ్చి చెట్టు నరకబోయాడు, అప్పుడు మొదట్లోంచి శివుడి ముఖం కనిపించింది. మా పక్క ఎవర్నడిగినా కొంచెం అటూఇటూగా ఈ కథే చెబుతారు. కథ ప్రకారం దేవుడు దొరికింది సవరల వాకిట్లో. గోడ మీద వరసగా దానాలు చెక్కించుకున్నది మాత్రం రాజులు, రాజుల మనుషులు. కథ నోటి మీద మిగిలింది, హక్కు రాయి మీదకెక్కింది.

ఇక మన సంగతి. గోడ మీద పేరు అటుంచండి, గోడ దగ్గరకి పోవడానికే మనకి చట్టం కావాల్సి వచ్చింది. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. చోడగంగుడి పట్టాభిషేకం నుంచి లెక్కేస్తే 869 ఏళ్లు. చట్టం వచ్చిన మర్నాడే తలుపులు తెరుచుకోలేదని మీకు నేను చెప్పక్కర్లేదు, మీ తాతల్ని అడిగితే చెబుతారు.

మరి ఇన్ని వందల ఏళ్లూ మన చేతిలో మాధ్యమమే లేదా అంటే, ఉంది. ఊళ్లో అందరికంటే గట్టిగా వినపడేది మన చేతిలోనే ఉంది. డప్పు. శిస్తు కట్టండని చాటింది మనవాళ్లు. దొరగారి ఆవు తప్పిపోయింది, చూసినవాళ్లు చెప్పండని చాటింది మనవాళ్లు. చావు కబురు పొరుగూరికి మోసింది మనవాళ్లు. వానలో, ఎండలో, రాత్రిపూట. వీధి చివర నిలబడి డప్పు కొట్టి "ఇందుమూలంగా" అని మొదలుపెట్టిన గొంతు మనది, ఆ తర్వాత వచ్చే మాట మునసబుది. తన పిల్లకి జ్వరం వచ్చిందని గానీ, తన కూలి బాకీ ఉందని గానీ ఆ డప్పు మీద చాటిన రోజు లేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఆ పేరు వినగానే ఒళ్లు జలదరించింది ఇందుకే. మోసే పని పేరే తీసుకొచ్చి తమ మాటకి పెట్టుకున్నారు.

ఫోన్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ చాటింపు గుర్తొస్తుంది. పొద్దున్న లేచి మనం ముందుకి నెట్టే మెసేజుల్లో ఎన్ని మనవి? ఎవరో రాసిన గుడ్ మార్నింగులు, ఎవడో పుట్టించిన అబద్ధాలు, ఏదో పార్టీ వీడియోలు. వేలు మనది, డేటా రీఛార్జి డబ్బులు మనవి, కబురు మునసబుది. ఒక్క వారం మీ ఫోన్‌లో లెక్క చూసుకోండి. నేను చూసుకున్నాను. పంపిన పది మెసేజుల్లో మన పేట గురించి, మన పని గురించి ఉన్నవి రెండో మూడో.

అచ్చు విషయం క్లుప్తంగా చెబుతాను, దీని మీద ముందు భాగాల్లో రాశాను కాబట్టి. బాబాసాహెబ్ 1920 జనవరి 31న "మూక్‌నాయక్" మొదలుపెట్టారు. ఆ పత్రిక వస్తోందన్న ప్రకటనని డబ్బులిస్తామన్నా "కేసరి" వేసుకోలేదు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న "జయభేరి" నడిపారు. కారంచేడు తర్వాత, 1989లో, "నలుపు" వచ్చింది. ఇవన్నీ చందాలతో, అప్పులతో నడిచినవి. ఒక సంచిక వంద చేతులు మారేది. మన వాట్సాప్ ఫార్వర్డుకి అసలు ముత్తాత అదే.

భాష విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. ముఖలింగం గోడలు చదివిన ఆ గిడుగే తర్వాత గ్రాంథికం మీద యుద్ధం చేశాడు. జనం మాట్లాడేట్టే రాయాలన్నాడు. సవర భాష నేర్చుకుని, నిఘంటువు చేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. అంతా బాగుంది. కానీ వ్యవహారిక భాష గెలిచాక పత్రికల్లో, పుస్తకాల్లో నిలబడ్డది ఎవరి వ్యవహారం? కోస్తా మధ్య జిల్లాల పెద్దకులాల ఇళ్లలో మాట. గిడుగు పుట్టిన చోట మేం మాట్లాడే మాట సినిమాల్లో పనివాడికీ, నవ్వించేవాడికీ మిగిలింది. "ఏటి", "బేగి", "ఒగ్గేయ్", "ఎల్లొచ్చీసినాను" అని బడిలో అంటే వెనకనుంచి నవ్వేవారు. ఈ మాటలు నేను మొదటిసారి ఏ సంకోచం లేకుండా రాసిన చూపు ఫేస్‌బుక్ గోడ మీదే చూశాను. పలాస జీడిపిక్కల బట్టీలో పనిచేసే ఒకామె తన రోజు ఎలా గడిచిందో రాసింది. నొక్కులూ దీర్ఘాలూ అన్నీ మావే. కింద ఎవరూ నవ్వలేదు. దిద్దడానికి ఒక మాస్టారు వచ్చాడు గానీ జనమే సర్దిచెప్పి పంపించారు. ఈ ఒక్క మేలు చేసినందుకైనా నేను ఈ ఫోన్‌ని తిట్టలేను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2012 జూన్ 12. వంగర మండలం లక్ష్మీపేట. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరంలో కలిసింది. మద్దువలస రిజర్వాయరు కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకుంటున్నారు. అది సహించలేని ఆధిపత్య కులంవాళ్లు పొద్దున్నే పేట మీద పడ్డారు. ఐదుగురు దళితులు చనిపోయారు. ఇంకెందరో దెబ్బలతో బతికారు. ఆ రోజు నా చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. కబురు కాల్‌లో వచ్చింది, సగం వినపడి సగం వినపడక. ఊరి బయటకి ఆ సంగతి ఏ మాటల్లో వెళ్లాలో నిర్ణయించే వీలు ఆ క్షణంలో పేటవాళ్ల చేతిలో లేదు. మన మీద దాడి జరిగినప్పుడల్లా "ఇరువర్గాల ఘర్షణ" అని రాయడం ఈ దేశపు పత్రికలకి పాత అలవాటు. ఒక్కసారి ఘర్షణ అన్న మాట పడిందంటే దాన్ని తిరగరాయడానికి నిజనిర్ధారణ కమిటీలు తిరగాలి, ధర్నాలు చెయ్యాలి, ఏళ్లు పట్టాలి. స్టేషన్లో రాసే కాగితం మీదా ఆ మాట నీడ పడుతుంది.

నాలుగేళ్ల తర్వాత, 2016 జనవరి 17. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. రోహిత్ వేముల సంగతి మీ అందరికీ తెలుసు, ఇక్కడ ఒక్క కోణమే చెబుతాను. ఆ గొడవ 2015 ఆగస్టులో ఒక ఫేస్‌బుక్ రాత మీద రాజుకుంది. డిసెంబరు కల్లా ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి పంపేశారు. వాళ్లు క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది. రోహిత్ చివరి ఉత్తరం ఫోన్ల మీద దేశమంతా తిరిగింది. పత్రికలు తమ మాట వెతుక్కునే లోపే ఆయన మాట జనం చేతిలో ఉంది. లక్ష్మీపేటకీ దీనికీ మధ్య తేడా ఇదే. మొదటి మాట రాసే అవకాశం మనకొచ్చింది. ఆ తర్వాత ఆయన ఫేస్‌బుక్ రాతల్ని జర్నలిస్టు నిఖిలా హెన్రీ కూర్చి ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చారు. చదవండి. నక్షత్రాల మీద ఇష్టం, సైన్సు, కులం, స్నేహితులతో వేళాకోళం, అన్నీ పక్కపక్కన ఉంటాయి. ఇరవై ఆరేళ్ల మనిషి రోజువారీ బతుకు. ఎవరో దాన్ని గోడ మీద నుంచి కాగితం మీదకి దించారు కాబట్టి మనం వరసగా చదవగలుగుతున్నాం.

ఎందుకంటే ఫోన్ గోడలు రాతి గోడల్లాంటివి కావు. ఆర్కుట్ గుర్తుందా? మొదటితరం ఇంటర్నెట్ పిల్లలంతా అందులోనే ఉండేవారు. 2004లో పుట్టింది, 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. టిక్‌టాక్‌ని 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు వేరే సంగతి. మా పక్క పొలంలో, ఇటుకబట్టీలో, వలస వెళ్లిన చెన్నై గోడౌన్లలో పనిచేసే పిల్లలు అందులో ఆడారు, పాడారు, లక్షల మంది చూశారు. ఒక్క రాత్రిలో వాళ్ల పేరు, వాళ్ల జనం, వాళ్ల పాట అన్నీ పోయాయి. చోడగంగుడి అధికారి ఇచ్చిన దీపం లెక్క ఇవాళ్టికీ చదవొచ్చు. 2019లో మా పేట ఆడపిల్ల కట్టిన పాట ఎక్కడుందో చెప్పండి.

సున్నం కొట్టే పని ఎప్పుడూ అంత పెద్దగా జరగనక్కర్లేదు. ఒక వేదిక మీద నేను "మాలపేట" అని రాసినందుకు ఆ రాత తీసేసి, ద్వేషం రెచ్చగొడుతున్నానని మూడు రోజులు నోరు కట్టేశారు. నా పుట్టిన చోటు పేరు అది, రేషన్ కార్డులో ఉన్న పేరు. దాని కింద అదే మాట పట్టుకుని నన్ను తిట్టినవాడి రాత మాత్రం అలాగే ఉంది. నేను ఫిర్యాదు చేస్తే "మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని జవాబు. మనిషి చూశాడో యంత్రం చూసిందో తెలీదు. కులం అంటే ఏంటో తెలిసినవాడు మాత్రం చూడలేదు.

ఇక ఊరి వాట్సాప్ గ్రూపులు. కొత్త రచ్చబండలు. మీ ఊరి గ్రూపు అడ్మిన్లు ఎవరో ఒకసారి చూడండి. మేం ఉండే ఒక గ్రూపులో ఏప్రిల్ 14న అంబేడ్కర్ ఫొటో పెడితే "దయచేసి ఇక్కడ కుల రాజకీయాలు వద్దు" అన్నారు. కార్తీకమాసం వచ్చేసరికి అదే గ్రూపులో ఒక్కో కులసంఘం వనభోజనాల ఫొటోలు వరసగా దిగాయి. అది సంస్కృతి అట.

బయటివాళ్ల సంగతి ఇంత చెప్పి మన ఇంటి సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన గోడల మీద మాలలూ మాదిగలూ తిట్టుకున్న తిట్లు చూశాను. వాదన ఉండొచ్చు. ముప్పై ఏళ్ల వాదన అది, రెండువైపులా చదువుకున్నవాళ్లున్నారు. కానీ తిట్టుకి వచ్చినన్ని లైకులు లెక్కలతో రాసిన వ్యాసానికి రాలేదు. కోపం ఎక్కువసేపు చూపిస్తే మనం ఎక్కువసేపు ఉంటాం, మనం ఎక్కువసేపు ఉంటే ప్రకటనలు అమ్ముడవుతాయి. మన తగవుతో ఎవరి దీపమో వెలుగుతోంది. ఈ రెండు వైపుల గొడవలో మా జిల్లాల రెల్లి, పైడి పిల్లల మాట ఎంతమంది విన్నారో కూడా ఆలోచించండి.

తమ్ముడి ప్రశ్నకి నా జవాబు ఇప్పుడు చెబుతాను. రాయాలి. మొదటి మాట మనమే రాయాలి, ఘర్షణ అన్న మాట పడకముందే దాడి అన్న మాట పడాలి. రాసిన దాన్ని అక్కడే వదిలెయ్యకూడదు. నా పద్ధతి చెబుతాను, మీకు కుదిరితే తీసుకోండి. ఏ రాతకైనా మొదటి వరసలో తేదీ, ఊరు, మండలం, ఎవరు చెప్పగా విన్నాను అన్నది రాస్తాను. ఫొటో తీసినవాళ్ల పేరు రాస్తాను, వాళ్లు వద్దంటే రాయను. దెబ్బతిన్న ఆడపిల్లల ముఖం ఎప్పుడూ పెట్టను.

కులం పేరుతో దూషించిన రాత కనిపిస్తే స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి ఊరుకోకండి. లింకు, తేదీ, సమయం దాచండి, ఫోన్ మార్చకండి. 2015 సవరణతో అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)లో మన మీద ద్వేషం పెంచే రాతా, మనం గౌరవించే, చనిపోయిన పెద్దల్ని కించపరిచే రాతా నేరాలయ్యాయి. అమల్లోకొచ్చింది 2016 జనవరి 26న, రోహిత్ పోయిన తొమ్మిది రోజులకి. ఇంటర్నెట్‌లో చేసిన అవమానం కూడా నలుగురి ఎదుట చేసినట్టేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అయితే కోర్టులో ఎలక్ట్రానిక్ రుజువు నిలబడాలంటే సర్టిఫికెట్ జతచెయ్యాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి అనేవారు, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది సెక్షన్ 63. మన వకీలు మిత్రుల్ని ముందే అడిగి నమూనా దగ్గర పెట్టుకోండి. దెబ్బ తిన్న రోజు వెతుక్కునే టైము ఉండదు.

ఇంకోటి, నెలకోసారి ముఖ్యమైన రాతల్ని ప్రింటు తీయించి మా పేట కమ్యూనిటీ హాల్లో బైండు పుస్తకంలో అంటిస్తున్నాం. పేజీకి మూడు రూపాయలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు పనిచెయ్యలేదు. అప్పుడు తెలిసింది ఫోన్ ఎంత పల్చటి గోడో. పుస్తకం ఇద్దరు ఇంటర్ పిల్లల చేతిలో ఉంది. ఫోన్ లేని ముసలివాళ్లు చెప్పేవి కూడా వాళ్లే రాసుకొస్తున్నారు. ఇప్పటికి ఎనభై పేజీలు అయింది. మొన్న ఒక పెద్దమ్మ అందులో తన పేరెక్కడుందో చూపించమని వేలితో తడిమి చూసుకుంది. చదువు రాదు. పక్కనున్న మనవరాలు చదివి వినిపిస్తే తేదీ తప్పు పడిందని దిద్దించింది. ఆ ఏడాది నాట్లు ఆలస్యమయ్యాయట, అందుకని శ్రావణం కాదు, భాద్రపదం అంది.

వచ్చే భాగం "జయభేరి" మీద. పాత సంచికలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఫొటో తీసి పంపండి, తేదీ కనపడేట్టు.